ఆటుపోట్లు తెలియని ఊళ్ళలో మూడు రోజులు

మా ఊరి నుంచి హిందూపురం వెళ్ళొచ్చినవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. వెళ్ళవలసిన పనీ ఎవరికీ పడలేదు. మాది కృష్ణా జిల్లాలో ఉప్పుటేటి ఒడ్డున ఉన్న ఊరు. సముద్రం నాలుగు మైళ్ళు. మావాళ్ళకి తిరుపతి తెలుసు, మద్రాసు తెలుసు. అనంతపురం జిల్లా అంటే పేపర్లో కరువు వార్త చదవడమే. హైస్కూల్లో సైన్సు చెప్పుకునే నేను, యాభై మూడేళ్ళ వయసులో ఒంటరిగా ఆ వైపు పోతానని అనుకోలేదు. పోయాను. చూసినవి చెబుతాను. కానీ ఎందుకు పోయానో ముందు చెప్పాలి.

తొంభైల చివర్లో మా ఏటి మీద వంతెన కట్టారు. పనికి పెనుకొండ వైపు నుంచి మనుషులొచ్చారు. వాళ్ళ మేస్త్రి అంజినప్ప మా దొడ్లో పెంకుటి గదిలో అద్దెకుండేవాడు. నలభై అయిదేళ్ళ మనిషి, నెమ్మదస్తుడు. సముద్రం అంతకుముందు చూసి ఎరగడు. వచ్చిన మొదటివారంలోనే నా దగ్గరికొచ్చి, "సారూ, మీ ఏరు పొద్దున ఇటు పారతాది, మధ్యాన్నం అటు పారతాది. యాడికి పోవాల్నో దానికే తెలీనట్లుండాదే" అన్నాడు.

నీరు ఎక్కే వేళని మావాళ్ళు పోటు అంటారు, దిగే వేళని పాటు అంటారు. పుస్తకాల్లో ఆటుపోట్లు. వంతెన స్తంభాల కోసం ఏటి అడుగున లోతుగా గుంతలు తవ్వి, చుట్టూ ఇసుక బస్తాలతో కట్ట వేసి, లోపలి నీళ్ళు ఇంజనుతో తోడేవాళ్ళు. పాటు వేళ దిగి పని చేసుకుని, పోటు పెరిగేలోగా పైకి వచ్చెయ్యాలి. ఎప్పుడు దిగవచ్చు, ఎప్పుడు ఎక్కాలి అన్నది అంజినప్ప నన్నడిగేవాడు. బెస్తవాళ్ళనడిగితే నీళ్ళు చూసి చెప్పేవాళ్ళు. కానీ అతనికి చదువుకున్నవాడి మాట మీద గురి. నేను పంచాంగం చూసి, లెక్క కట్టి, వారానికొక చీటీ రాసి ఇచ్చేవాణ్ణి.

ఆ రోజు పౌర్ణమి. మా పిన్ని కూతురి పెళ్ళికని పొద్దున్నే బస్సుకి పరిగెడుతున్నాను. పాత చీటీ ముందురోజుతో అయిపోయింది. అంజినప్ప గేటు దగ్గర అడిగాడు. "సారూ, ఈపొద్దు ఎంతవరకు టైముండాది?"

నిలబడి లెక్క కట్టే తీరిక లేదు. పాత చీటీలో ఒక వేళ గుర్తు తెచ్చుకుని, రోజుకి యాభై నిమిషాల చొప్పున నడుస్తూనే కలిపాను. "అయిదున్నర దాకా నీళ్ళు తిరగవు" అన్నాను. రెండు రోజులు ఎక్కువ కలిపాను. పోటు మూడుముప్పావుకే తిరిగింది. పౌర్ణమి పోటు. అయిదు గంటలప్పుడు బస్తాల కట్ట తెగింది. గుంతలో ఇద్దరున్నారు. రామాంజి అనే కూలీని అంజినప్ప భుజాల మీద ఎత్తి పైకి తోశాడు. తన కాలు ఇనప కమ్మీల మధ్య ఇరుక్కుంది.

నేను పెళ్ళి నుంచి తిరిగొచ్చేసరికి శవాన్ని వాళ్ళ ఊరికి పంపేశారు. పంచాంగం తీసి చూసుకున్నాను. నా తప్పు నాకు తెలిసింది. మా ఆవిడకి కూడా చెప్పలేదు.

రెండేళ్ళ తర్వాత వంతెన కమ్మీలకి రంగు వెయ్యడానికి రామాంజి మళ్ళీ మా ఊరొచ్చాడు. అతను చెప్పిన మాట ఇది. శవం వెంట వెళ్ళిన సూపర్‌వైజరు, నష్టపరిహారం తప్పించుకోవడానికి, మేస్త్రి తాగి కాలవలో పడ్డాడని చెప్పాడట. వాళ్ళందరూ నమ్మారట.

"నువ్వు చెప్పలేదా?" అన్నాను.

"చెప్పినా సారూ. నేను తాగుతా కదా, నా మాట ఎవురు వింటారు? వాన లేదు, వరద లేదు, నీళ్ళు ఉత్తపుణ్యానికి ఎట్ల లేచినాయిరా అని నవ్వినారు. మీరు చదువుకున్నోళ్ళు. మీరు చెప్తే నమ్ముతారు."

తర్వాత, నన్ను తప్పుపట్టే ఉద్దేశం ఏమాత్రం లేకుండా అన్నాడు. "కట్ట తెగేదానికి ముందు గూడా మేస్త్రి ఒకటే మాట, సారు చెప్పినాడు, అయిదున్నర దాకా టైముండాది అని."

ఆ వారమే సెలవు పెట్టాను.

రైల్లో

ఒకరింటికి పోతూ ఒట్టి చేతులతో ఎలా అని మా ఆవిడ కిలో ఎండు రొయ్యలు మూటకట్టి ఇచ్చింది. బెజవాడ దాటాక పెట్టెలో వాసన మొదలైంది. గుంతకల్లు వచ్చేసరికి నా బల్ల మీద నేనొక్కణ్ణే మిగిలాను. ఎదురుగా కూర్చున్న ఒక పెద్దావిడ మాత్రం కదల్లేదు. కర్ణాటక అంచున అగళి వాళ్ళట. కొడుకుతో కన్నడంలోనూ నాతో తెలుగులోనూ మాట్లాడుతోంది. ఒక వాక్యంలోనే రెండూ వస్తున్నాయి.

"ఏంటిదప్పా, ఇంత కంపు?" అంది.

చెప్పాను. కొంగుతో ముక్కు మూసుకుంటూనే నాకు వేయించిన చెనిక్కాయలు దోసెడు పెట్టింది. వేరుశెనగని అక్కడ అలా అంటారు. ఎవరింటికని అడిగితే, మా ఏట్లో చనిపోయిన మనిషి ఇంటికన్నాను. ఆవిడ ముఖం మీంచి కొంగు తీసేసింది.

"నీళ్ళల్లో పోయినోళ్ళింటికి నీళ్ళల్లో దొరికింది తీసకపోతావా?"

అంతవరకూ నాకు ఆ ఆలోచనే రాలేదు. సిగ్గుతో కిటికీలోంచి బయటికి చూశాను. మా వైపు నేల కనపడదు, పచ్చదనమో నీళ్ళో కప్పి ఉంటాయి. ఇక్కడ నేలంతా బయటే ఉంది, ఎర్రగా, మధ్య మధ్య గుండ్రాళ్ళ గుట్టలతో. ఒక వంతెన కింద ఏరు పోతోందన్నారు. చూస్తే ఇసుక. ఆ ఇసుకలో ఆడవాళ్ళు చెలమలు తవ్వి గిన్నెలతో నీళ్ళు ముంచుకుంటున్నారు. ఈ ఏటిని చూసి పెరిగినవాళ్ళకి మా ఏటి సంగతి ఎలా చెప్పడం?

హిందూపురం

పొద్దున దిగి, స్టేషను దగ్గర లాడ్జీలో స్నానం చేసి, రొయ్యల మూట గది ఊడ్చే ఆవిడకిచ్చేశాను. ఆవిడ సంతోషించింది. పక్కనే చిన్న హోటల్లో చిత్రాన్నం అయిదు రూపాయలు. మనం పులిహోర అంటాం గానీ అది వేరు. దీనిలో నిమ్మరసం, వేయించిన వేరుశెనగ, పచ్చిమిర్చి. డబ్బు ముందే తీస్తే హోటలాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "దుడ్లు ఆమీద ఇద్దువు గానీ, మొదలు కడుపు నిండా తినప్పా" అన్నాడు. ఆ ఊళ్ళో చిన్నా పెద్దా తేడా లేకుండా నన్నందరూ నువ్వు అన్నారు. మా వైపైతే చిన్నబుచ్చుకునేవాణ్ణి. ఒక పూట గడిచేసరికి ఆ నువ్వులో మర్యాద తక్కువేమీ లేదని తెలిసింది.

అంజినప్ప భార్య ఆదెమ్మ చింతపండు మండీలో కూలికి పోతుందని రామాంజి చెప్పాడు. హిందూపురంలో చింతపండు వ్యాపారం పెద్దది. వీధి మొదట్లోనే పుల్లటి వాసన నోట్లో నీళ్ళూరించింది. లోపల ఒక రేకుల షెడ్డు కింద యాభై మంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని, చిన్న సుత్తెలతో పండు కొట్టి గింజ తీస్తున్నారు. అందరి వేళ్ళూ నల్లగా ఉన్నాయి. పేరు అడిగితే ఒకావిడ లేచి వచ్చింది. సన్నటి మనిషి. నలభై ఉండవచ్చు.

"ఎవరప్పా నువ్వు?"

"వంతెన కట్టిన ఊరి నుంచి వచ్చానమ్మా. అంజినప్ప మా ఇంట్లోనే ఉండేవాడు."

"చీటీలు రాసిచ్చే సారా?" అంది. భర్త నా గురించి చెప్పి ఉంటాడనుకోలేదు.

షెడ్డు గోడ నీడన నిలబడి అంతా చెప్పాను. రైల్లో వరస కట్టుకున్న మాటలేవీ రాలేదు. పొద్దున్న గేటు దగ్గర అడిగిన సంగతి, నేను నడుస్తూ చెప్పిన వేళ, రెండు రోజులు ఎక్కువ కలపడం, రామాంజిని ఎత్తి తోయడం, అన్నీ వెనకా ముందూ అయ్యాయి. ఆవిడ మధ్యలో ఒక్కసారే ఆపింది.

"తాగిండ్లేదా?"

"లేదమ్మా. మా ఇంట్లో ఉన్న ఎనిమిది నెలల్లో ఒక్క రోజు కూడా తాగలేదు."

ఆవిడ గోడకి చెయ్యి ఆనించుకుంది. "నువ్వు కావాలని తప్పు చెప్పినావా?" అని అడిగింది.

"లేదు."

"మరి ఈ రెండేండ్లు?"

"భయమేసింది."

"మాకూ భయమే ఉండె సారూ, ఊర్లో తలెత్తాలంటే. అందుకే ఈడికొచ్చి పడితి."

తిట్టలేదు, ఏడవలేదు. వెళ్ళి తన గంపలో మిగిలిన పండంతా కొట్టి, మండీ గుమస్తాకి అప్పజెప్పి తిరిగొచ్చింది. "రేపు పోదాం. మా బావకు చెప్పు, ధర్మవరంలో మా పిల్లకు చెప్పు. నాకు చెప్పి పోతే అది నా నోటి మాటే అయితాది. మొగుణ్ణి ఎనకేసుకొస్తాంది అంటారు."

పెనుకొండ బస్సులో

మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. బస్సు కిటకిటలాడుతోంది. ఆదెమ్మ నాకు కిటికీ పక్కన చోటు వదిలి, తను చివర కూర్చుంది. సగం దూరం పోయాక తనే మొదలుపెట్టింది.

ఒకప్పుడు అంజినప్ప తాగేవాడట. బాగా తాగేవాడట. అతని అన్న తిప్పన్న ఒక రోజు తమ్ముణ్ణి పెనుకొండ బాబయ్య దర్గాకి తీసుకుపోయి గడప ముట్టించి ఒట్టు పెట్టించాడు. ఆ వైపు హిందువులు కూడా ఆ దర్గాకి మొక్కుతారు. తిరిగొచ్చి ఊరి నడుమ, "నా తమ్ముడు ఇంగ తాగడు. తాగితే వాడు నా తమ్ముడే కాదు" అని చెప్పాడు. ఆరేళ్ళు అంజినప్ప ఆ ఒట్టు నిలబెట్టుకున్నాడు.

"శవాన్ని దించినాక ఆ సూపర్‌వైజరు మా బావను పక్కకు పిలిచి చెప్పినాడు. మా బావ చేతులు ఎనక్కి కట్టుకోని నిలబడె. అందరూ పిడికెడు మట్టి వేసిరి. ఆయప్ప వేయలే." ఆదెమ్మ బస్సు రాడ్డు గట్టిగా పట్టుకుంది. "నా బిడ్డ గూడా ఏడవలే. ఒట్టు తప్పినోని కోసం ఏడవను అనె."

నా వైపు తిరిగి అడిగింది. "సారూ, నిజ్జంగా వాన లేకుండా నీళ్ళు లేస్తాయా?"

"లేస్తాయమ్మా. రోజుకి రెండుసార్లు."

"నాకు తెలీక నేను గూడా అనుకుంటి. ఒక్కోసారి అనుకుంటి, తాగే ఉంటాడేమో అని."

పెనుకొండ చిన్న ఊరే. కానీ బస్సు దిగి తలెత్తితే కొండ, కొండంతా కోట గోడలు. రాళ్ళ మధ్య సున్నం లేకుండా అతికిన ఆ గోడలు అంజినప్ప లాంటివాళ్ళ తాతలు కట్టినవే అయ్యుంటాయి. సగం పడిపోయాయి. పడని సగం కత్తితో కోసినట్టు నిటారుగా ఉంది. కాఫీ రెండు రూపాయలు, గ్లాసు చిన్నది. దర్గా ముందు నుంచి నడుస్తూ ఆదెమ్మ గడప చూపించి, "ఈడే" అంది. ఆగలేదు.

తిప్పన్న ఇంటి ముందు

వాళ్ళ పల్లె అయిదు మైళ్ళు. ఆటోలో వెళ్ళాం. తిప్పన్న ఇంట్లో లేడు, చేను నుంచి రావాలన్నారు. ఆయన భార్య నేనెవరని అడక్కుండానే కాళ్ళకి నీళ్ళిచ్చి, కంచం పెట్టింది. రాగి సంగటి ముద్ద, ఊరుబిండి అనే చెనిక్కాయల పచ్చడి. మా వైపు అన్నం వేళ్ళతో కలుపుకుంటాం. సంగటిని అలా తింటే గొంతు దిగదు. తుంచి, ఊరుబిండిలో అద్ది, నమలకుండా మింగాలని ఆవిడే చూపించింది. రెండో ముద్ద కూడా తిన్నాను. తిన్నాక చెప్పడం ఇంకా కష్టమవుతుందని అప్పుడు తోచలేదు.

తిప్పన్న వచ్చాడు. తమ్ముడి కంటే పొడుగు. మరదలిని చూసి తల ఆడించాడు. నన్ను చూసి, "ఏమప్పా, యాడ నుంచి?" అన్నాడు. ఆదెమ్మ చెప్పింది. ఆయన ముఖం ముడుచుకుపోయింది.

"తాగి సచ్చినోని మాట ఈ ఇంట్లో వద్దు."

"తాగలేదు" అన్నాను. "పోటు నీళ్ళు కొట్టాయి."

"ఏం పోటు? వాన లేదంట. ఏరు రాలేదంట. గుంతలో నీళ్ళే లేవని శవంతో వచ్చిన ఆ మనిషే చెప్పినాడు. నీళ్ళు లేని గుంతలో మునిగి ఎట్ల సస్తాడు? కాలవలో పడినాడు."

"నీళ్ళు లేనప్పుడే గుంతలో దిగుతారు. దిగాక వస్తాయి."

"యాడ నుంచి వస్తాయి? నా బాయిలో యాల రావు?"

ముప్పయ్యేళ్ళుగా పిల్లలకి ఆ పాఠం చెబుతున్నాను. అంత భయంగా ఎన్నడూ చెప్పలేదు. వాకిట్లో పుల్ల తీసుకుని మట్టి మీద పెద్ద సున్నా గీశాను. ఇది భూమి అన్నాను. దాని చుట్టూ ఇంకో గీత గీసి, ఇది సముద్రం అన్నాను. దూరంగా చంద్రుణ్ణి పెట్టాను.

"చంద్రుడు భూమిని తన వైపు లాగుతాడు. దగ్గరున్నదాన్ని ఎక్కువ లాగుతాడు, దూరమున్నదాన్ని తక్కువ. ఈ వైపు నీరు ఆయనకి దగ్గర. అందుకని చుట్టుపక్కల నీరంతా ఇటు చేరి కొంచెం ఉబ్బుతుంది."

"అవతల పక్క?"

ఆ ప్రశ్న నా క్లాసులో ఏటా ఒకరో ఇద్దరో మాత్రమే అడుగుతారు. "అవతల కూడా ఉబ్బుతుంది. అక్కడి నీరు ఆయనకి అన్నిటికంటే దూరం. ఆ నీటికన్నా నడుమనున్న భూమిని ఆయన ఎక్కువ లాగుతాడు. భూమి ఇటు జరిగి, ఆ నీరు వెనకబడుతుంది. ఇటొక ఉబ్బు, అటొక ఉబ్బు. భూమి రోజుకొక చుట్టు తిరుగుతుంది కదా, మా ఊరు ఈ ఉబ్బు కిందికొకసారి, ఆ ఉబ్బు కిందికొకసారి వస్తుంది. అదే రెండు పోట్లు. ఈలోగా చంద్రుడు కూడా కొంచెం ముందుకి నడుస్తాడు. ఆయన్ని అందుకోవడానికి మా ఊరికి ఇంకో యాభై నిమిషాలు పడుతుంది. అందుకని పోటు రోజుకి యాభై నిమిషాలు ఆలస్యం."

"బాయి సంగతి చెప్పు."

"నీ బావి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఎంత? పది గజాలు. చంద్రుడి లాగుడు రెండు గట్ల మీదా ఒకటే. తేడా రావాలంటే వేల మైళ్ళ నీళ్ళుండాలి, ఒకచోట తగ్గి ఒకచోట పోగవ్వాలి. సముద్రానికే అది కుదురుతుంది. మా ఏరు సముద్రంలో కలిసేది కాబట్టి ఆ నీళ్ళు ఏట్లోకి ఎక్కుతాయి."

తిప్పన్న గీతలకేసి వంగి చూస్తున్నాడు. చంద్రుడికి ఎదురుగా, రెండో వైపు సూర్యుణ్ణి గీశాను.

"సూర్యుడు కూడా లాగుతాడు. ఆయన ఎంతో పెద్ద, కానీ ఎంతో దూరం. చంద్రుడి బలంలో ఆయనది సగమే. అష్టమి రోజుల్లో చంద్రుడొక దిక్కు, సూర్యుడొక దిక్కు లాగితే పోటు తగ్గుతుంది. పున్నమికి ఇలా ముగ్గురూ ఒకే గీత మీద ఉంటారు. అమావాస్యకీ అంతే. ఇద్దరి ఉబ్బూ ఒకేచోట పడుతుంది. నీరు మామూలు కంటే ఎక్కువ లేస్తుంది, ఎక్కువ దిగుతుంది, వేగంగా వస్తుంది. నీ తమ్ముడు పోయింది పున్నమి నాడు."

"పున్నమే" అంది ఆయన భార్య గుమ్మంలోంచి. "మర్నాడు శవమొచ్చె."

ఇంక ఆగకుండా చెప్పేశాను. అంజినప్ప నన్ను వేళ అడగడం, నేను అయిదున్నర అనడం, నీరు మూడుముప్పావుకే తిరగడం, రామాంజిని భుజాల మీద ఎత్తడం.

ఆయన లేచి నిలబడ్డాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"లెక్క తప్పితివి. సరే. మనిషన్నాక తప్పుతాడు." గొంతు చాలా చిన్నగా ఉంది. "రెండేండ్లు నోరు మూసుకోని యాల ఉంటివి? నువ్వొక జాబు రాసింటే చాలు కదప్పా. నేను వాని పేరన్నా పలికింటా. పిడికెడు మట్టన్నా వేసింటా."

చేతిలోని పుల్ల కింద పెట్టేశాను.

"నా ఇంట్లో సంగటి తింటివి. ఇంగ పో."

చెప్పులు కూడా వేసుకోకుండా వాకిట్లోంచి బయటికి నడిచాడు. "ఎండలో యాడికి పోతాండావు?" అని భార్య అరిచింది. ఆయన తిరిగి చూడలేదు. మేం ఆటో ఎక్కి మలుపు తిరిగేటప్పుడు చూశాను. గట్టు మీద, కలబంద పొదల పక్కన, ఒక మట్టిదిబ్బ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులా మట్టి తీసి దాని మీద వేస్తున్నాడు.

ఆదెమ్మ అటువైపు చూడలేదు.

ధర్మవరం

ఆ సాయంత్రం పెనుకొండలో ఆదెమ్మకి తెలిసినవాళ్ళింట్లో ఆగి, మూడోరోజు పొద్దున్న ధర్మవరం చేరాం. స్టేషను నుంచి ఊళ్ళోకి నడుస్తుంటే ముందు మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. తర్వాతే ఇళ్ళు కనిపిస్తాయి. పట్టుచీరెలు కొనడానికి మావాళ్ళు బెజవాడ కొట్లకి పోతారు. అవి ఎక్కడ పుడతాయో ఇక్కడ చూశాను. ఇంట్లో ముందుగదంతా మగ్గమే. నేలలో గుంత తవ్వి, అందులో కాళ్ళు దించి కూర్చుని నేస్తారు. వంట, పడక మిగిలిన జాగాలో. వీధిలో ఒకచోట రంగు వేసిన దారం బారుగా చాచి దువ్వుతున్నారు. అడ్డం రాకుండా ఆవులని కూడా అటు తోలుతున్నారు.

అంజినప్ప కూతురు సుజాత గడప పక్కన కూర్చుని రాట్నం మీద దారం కండెలు చుడుతోంది. ఇరవై ఏళ్ళు దాటి ఉంటాయి. తండ్రి నుదురు, తండ్రి చూపు. అల్లుడు మగ్గంలోంచి లేచి నాకు పీట వేశాడు. ఆదెమ్మ కూర్చోకుండానే, "మీ నాయన తాగలేదమ్మీ" అంది.

సుజాత చక్రం తిప్పడం ఆపలేదు. "ఎవరు చెప్పినారు?"

"ఈయప్ప. చీటీల సారు."

చెప్పాను. మూడోసారి చెప్పడం మొదటిసారి కంటే తేలికవుతుందనుకున్నాను. కాలేదు. ఈ పిల్ల ఏమీ అడగలేదు. చంద్రుడి సంగతి ఎత్తేసరికి చక్రం ఆగింది. లేచి లోపలికి పోయి, పెట్టె అడుగు నుంచి ఒక ఇన్‌లాండు లెటర్ తెచ్చింది. నీలం కాగితం. అంటించిన అంచులు అలాగే ఉన్నాయి.

"మట్టి చేసిన మూడోనాడు వచ్చిండె" అంది. "కోపంతో విప్పలేదు. పారేయబుద్ధి కూడా కాలే."

అల్లుడు బ్లేడు అందించాడు. సుజాత అంచులు కోసి, విప్పి, కాసేపు చూసి నాకిచ్చింది. "నాకు కూడబలుక్కోవాల. అమ్మకు వినపడేటట్లు నువ్వు చదువు సారూ."

పెద్ద పెద్ద అక్షరాలు. కొన్ని ఒత్తులు లేవు. చదివాను.

"సుజాతకు మీ నాయన రాసేది. ఈడ బాగుండాము. తిండికి ఇబ్బంది లేదు, అన్నమే, సంగటి లేదు. ఈడ ఏరు దినానికి రెండు తూర్లు ఎక్కతాది, రెండు తూర్లు దిగతాది. వాన లేకుండానే. నువ్వు నమ్మవు. నేను గూడా నమ్మలేదు. చంద్రుడు లాగతాడంట. పున్నానికి, అమాసకు సూర్యుడు గూడా తోడు పడతాడంట. మా ఇంటి సారు చెప్పినాడు. మీ పెదనాయనకు గూడా చెప్పు, ఆయప్ప నవ్వుతాడు."

అక్కడ ఆగాను. తర్వాతి వాక్యం కంటికి కనిపించింది. దాన్ని దాటేసి చదివినా వాళ్ళకి తెలియదు.

"చదువు" అంది ఆదెమ్మ.

"నీళ్ళల్లో పని అని నువ్వు బయపడొద్దు. సారు చీటీ రాసిస్తాడు. ఎనిమిది నెలలాయె, ఇంతవరకు ఒక్కతూరి గూడా ఆయప్ప లెక్క తప్పలేదు."

మిగతా రెండు వరసలూ పూర్తి చేశాను. ఆరోగ్యం జాగ్రత్త, అల్లునికి అడిగినానని చెప్పు. కాగితం మడిచి ఆమె చేతికిచ్చాను. నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిట్టించుకోవడానికే వచ్చాను కూడా.

"మా నాయన నిన్ను నమ్మినాడు సారూ" అంది సుజాత. "నేను మా నాయన్ను నమ్మలేదు."

అని గడప మీద కూలబడి ఏడ్చింది. చిన్నగా మొదలై, తర్వాత వీధంతా వినపడేలా, నాయనా నాయనా అంటూ. ఆదెమ్మ కూతురి పక్కన కూర్చుని తల ఒళ్ళోకి తీసుకుంది. అప్పుడు ఆమె కూడా ఏడ్చింది. పక్కింటి మగ్గం ఆగింది. ఎదురింటిది ఆగింది. ఒకదాని తర్వాత ఒకటి ఆగుతుంటే ఆ వీధిలో ఏడుపు తప్ప ఏమీ వినిపించలేదు. ఆడవాళ్ళు చేతుల్లో దారాలతోనే వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు.

"అయ్యో, ఎవురు పోయినారమ్మా?" అని ఒక అవ్వ అడిగింది.

ఆదెమ్మ తలెత్తి చెప్పింది. "నా మొగుడు."